కొక్కెం వేస్తే అన్నీ వస్తాయి

పెద్దమ్మాయి విసిరేసరికి అమ్మ ఫోను గోడకు తగిలి ముక్కలైంది. ఒక ముక్క ఎగిరొచ్చి మంచం మీద పడుకున్న చిన్నీ పాదం దగ్గర పడింది. చిన్నీ గబుక్కున కాలు ముడుచుకుంది. పొద్దుటి నుంచీ ఏ చప్పుడైనా ఆమెకు దెబ్బలాగే వినిపిస్తోంది.

"వాడికి ఎప్పుడు చేశావు ఫోను? అదొక్కటీ చెప్పు చాలు," అంది పెద్దమ్మాయి.

"నేను చెయ్యలేదే తల్లీ."

"పోయినసారీ ఇదే అన్నావు. ఇదే గొంతుతో అన్నావు."

పోయినసారి అమ్మ చేసిన మాట నిజమే. చిన్నీ మొగుడి దెబ్బలకు తాళలేక పిన్ని ఇంట్లో తలదాచుకున్నప్పుడు, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే అన్నీ సర్దుకుంటాయని అమ్మే చిన్నల్లుడికి ఫోను చేసి రమ్మంది. అతను వచ్చాడు. కూర్చోలేదు, మాట్లాడలేదు. చిన్నీ పక్కటెముకలు విరగ్గొట్టి వెళ్ళాడు. అల్లుళ్ళను నమ్మడం కొందరు తల్లులకు ఉద్యోగంలాంటిది. అమ్మ ఆ ఉద్యోగానికి ఒక్కరోజు కూడా సెలవు పెట్టిన మనిషి కాదు.

అందుకే ఈ అద్దెగది సంగతి అమ్మకు చెప్పకూడదనుకున్నారు. చిన్నీకీ, పెద్దమ్మాయికీ, ఆమె భర్తకీ తప్ప ఎవరికీ తెలియదు. తీరా అమ్మ తిండి మానేసి ఏడుస్తోందని వింటే చిన్నీకే మనసు ఆగలేదు. పోయిన వారం రమ్మని కబురు పెట్టింది. అమ్మ వచ్చి చూసి వెళ్ళింది. ఈ వారం చిన్నల్లుడు వచ్చాడు. ఇక వేరే లెక్కలు ఎందుకు?

ఆసుపత్రిలో చిన్నీ చేతికి కట్టు కట్టించుకుని, సామాన్లు సర్దుకోవడానికి మళ్ళీ గదికి వచ్చారు. పోలీసులు వచ్చి, రాసుకుని, దొరికితే చెబుతామని వెళ్ళిపోయారు. తలుపు ఒక్క బందు మీద వేలాడుతోంది. కుర్చీకి కాలు లేదు. చిన్నీ ఫోను బకెట్ నీళ్ళలో మునిగి ఉంది. నేలంతా నలిగిన మాత్రల పొడి, ఆ తెల్లటి పొడిలో బూటు అచ్చులు.

"నువ్వు మాత్రం తలుపెందుకు తీశావే?" అంది అమ్మ, చిన్నీ వైపు తిరిగి.

"బెల్లు కొట్టలేదమ్మా. కిటికీ మీద రెండుసార్లు తట్టాడు." చిన్నీ పైకప్పు వైపు చూస్తూ చెప్పింది. "మందులు తెచ్చేవాళ్ళే అలా తడతారు, మందులొచ్చాయనుకున్నాను. గొళ్ళెం తీయగానే సందులో బూటు పెట్టాడు. నేను చేత్తో నెడుతున్నాను కదా, ఆ చెయ్యి గుమ్మానికీ తలుపుకీ మధ్య పడింది. వాడు చూశాడక్కా. చూసి మరీ తలుపు వేశాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు."

చిన్నీ కట్టు కట్టిన చేతిని గుండెలకు ఆనించుకుంది.

"తర్వాత జుట్టు పట్టుకుని మంచం దాకా ఈడ్చాడు. కుర్చీ ఎత్తి కొట్టాడు. కింద వడ్రంగి గారు చెక్క పట్టుకుని పైకి రాకపోతే ఇవాళ నేను లేను. పోతూ పోతూ నా మందుల డబ్బా తెరిచి, అన్నీ నేల మీద పోసి తొక్కాడు. 'మందు మింగకుండా ఎన్నాళ్ళుంటావు' అని నవ్వాడు."

చిన్నీకి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. మాత్ర ఒక్కపూట తప్పితే ఒళ్ళు స్వాధీనంలో ఉండదు. ఆ సంగతి చిన్నల్లుడికి బాగా తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆ మాత్రలు స్వయంగా కొని తెచ్చేవాడు.

"ఆ కిటికీ గొడవ నాకు తెలియనే తెలియదే పెద్దమ్మాయ్," అంది అమ్మ. "పోయిన వారం నేనొచ్చినప్పుడు బెల్లే కొట్టాను. ఇది హడలిపోయి ఎంతసేపటికీ తలుపు తీయలేదు. కావాలంటే అడుగు."

"అడగను. నీ మాట మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది."

"నీ మీద ఒట్టు."

"నా మీద వెయ్యకు ఒట్టు. దాని మీద వెయ్యి. దాని విరిగిన చెయ్యి పట్టుకుని వెయ్యి."

అమ్మ చెయ్యి చాచింది. ఆ చాచడం చూసేసరికి పెద్దమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. తల్లి భుజం పట్టి విసురుగా నెట్టింది. అమ్మ వీపు గోడకు కొట్టుకుని, అలాగే కిందికి జారి, ఫోను ముక్కల పక్కన కూర్చుండిపోయింది. ఏడవలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

నెట్టిన చెయ్యి వంక పెద్దమ్మాయి ఒకసారి చూసుకుంది. తప్పనిపించింది. తప్పని ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

అంతలో ఆమె భర్త లోపలికి వచ్చాడు. "కారు తెచ్చాను. వెళ్దామా?" అని, నేల మీద కూర్చున్న అత్తగారిని చూసి ఆగిపోయాడు. "ఏమైందండీ?"

"ఏం లేదు నాయనా. కాలు జారింది," అంది అమ్మ.

*

చిన్నీని దాచడానికి ఇంకో చోటు దొరికింది. పెద్దల్లుడి చిన్ననాటి స్నేహితుడు కుట్టు మాస్టరు. కింద కుట్టుమిషన్లు, బయటి నుంచి మెట్లు, మేడ మీద ఖాళీ గది. అమ్మ తోడుంటానంది. పెద్దమ్మాయి వద్దనలేదు, సరే అని కూడా అనలేదు.

సాయంత్రం మాత్ర మాత్రం ఎలాగైనా కావాలి. ఆసుపత్రి కొట్లో ఆ మోతాదు లేదన్నారు. అది ఉండేది ఒక్క చోటే, పెద్దమ్మాయి పనిచేసే మందుల దుకాణంలో. ఇళ్ళకు మందులు పంపించే పెద్ద దుకాణం అది. దాని వెబ్‌సైటు మొత్తం రాసింది ఈ మొగుడూ పెళ్ళాలే. దుకాణం వెనక గోడౌనును ఆనుకుని ఉన్న గదిలో ఇద్దరి కంప్యూటర్లూ పక్కపక్కనే ఉంటాయి.

కారుకు ఆనుకుని నిలబడి, ఫోనులో ఆ సైటే తెరిచి పెద్దమ్మాయి ఆర్డరు పెట్టింది. చిన్నీ పేరు అందులో ఎక్కడా లేదు. 'టీచరుగారు' అని దొంగపేరు, పెద్దమ్మాయి నంబరు. అడ్రసు ఒక్కటి మార్చింది. మిగతావన్నీ పోయినసారి ఆర్డరులో ఉన్నవే ఆ పేజీ తనంతట తను నింపుకుంది. ఆ సదుపాయం పెట్టింది ఆమే. రోగంతో ఉన్నవాళ్ళు ప్రతిసారీ కూర్చుని టైపు చెయ్యలేరు కదా అని.

"నువ్వూ రా అక్కా," అంది చిన్నీ కారు కిటికీలోంచి.

"మాత్రలు ముందు బండి ఎక్కించి వస్తాను. నేను వెళ్ళి నెత్తిన కూర్చుంటే గానీ అక్కడ ఏదీ కదలదు."

అమ్మ వెనక సీట్లో తల తిప్పుకుని కూర్చుంది. కారు కదిలింది. పెద్దమ్మాయి బస్సెక్కింది.

*

గోడౌనులో ప్యాకింగావిడ అట్టపెట్టెకు టేపు చుడుతోంది. "టీచరుగారి పార్సిలా? గొడుగాయన పట్టుకెళ్ళి చాలాసేపయింది మేడమ్."

ఎండైనా వానైనా బండికి గొడుగు కట్టుకుని తిరిగే పెద్దవయసు మనిషి గొడుగాయన. పెద్దమ్మాయి ఊపిరి పీల్చుకుంది. ఒక పని అయింది.

"కిటికీ తట్టమంటారు, ఆవిడేగా?" అంది ప్యాకింగావిడ టేపు కొరుకుతూ.

పెద్దమ్మాయి వెనక్కి తిరిగింది. "ఆ సంగతి మీకెలా తెలుసు?"

"భలేవారే. మన బండ్లవాళ్ళందరికీ తెలుసు. 'బెల్లు కొట్టవద్దు, కిటికీ మీద రెండుసార్లు తట్టండి' అని రాస్తారట కదా. బెల్లున్న ఇంటికి ఈ కిటికీ తట్టడమేంటని నవ్వుకుంటారు."

"ఆ పార్సిలు ఎవరు తీసుకెళ్తే వాళ్ళకే కదా అది కనిపించేది?"

"కొక్కెం వేస్తే అన్నీ వస్తాయి కదా మేడమ్."

"కొక్కెం ఏంటి?"

అంత చదువుకున్న మనిషికి కొక్కెం తెలియకపోవడం ప్యాకింగావిడకు వింతగా ఉంది. బల్ల మీద ఉన్న పాత ఫోను తీసి చూపించింది. బండ్లవాళ్ళు వాడే పాత పేజీ అది. పార్సిలు నంబరు కొడితే ఆ ఇంటి అడ్రసు రావాలి. వానకు లేబుల్ తడిసి నంబరు చెరిగిపోతే ఏం చెయ్యాలి? నంబరు కొట్టే గళ్ళో ఒక కొటేషను గుర్తు పెట్టాలి. కొక్కెంలా వంగి ఉంటుందని దానికి వాళ్ళు పెట్టుకున్న పేరది. దాని వెనక, ఒకటి ఒకటికి సమానం లాంటి, ఎప్పటికీ నిజమయ్యే ఒక పొట్టి మాట. అంతే.

ఆవిడ వేలు నొక్కింది. తెర మీద పేర్లు జలజలా దిగాయి. ఇళ్ళు, వీధులు, జబ్బులు, వాటి పక్కన జనం నమ్మకంతో రాసుకున్న మాటలు. కుక్క ఉంది, గేటు వేసి వెళ్ళండి. నాన్నకు వినపడదు, గట్టిగా పిలవండి. ఈ మందు మా ఆయనకు తెలియకూడదు, వెనక గుమ్మానికి రండి. అన్నిటికన్నా పైన, కొత్తగా వచ్చిన ఆర్డరు. టీచరుగారు, పెద్దమ్మాయి నంబరు, ఫిట్స్ మాత్రలు, కుట్టు మాస్టరు మేడ మీది గది, కిటికీ మీద రెండుసార్లు తట్టండి.

దుకాణంలో కౌంటరు మనిషికి కొనేవాళ్ళు చీటీ ఇస్తారు. చీటీలో మందు పేరు ఉన్నంతసేపూ గొడవ లేదు. ఎవడో తెలివైనవాడు అదే చీటీ మీద 'అల్మారా తాళం తీసి అన్నీ ఇచ్చెయ్' అని రాస్తే, అదీ యజమాని మాటే అనుకుని ఆ మనిషి తాళం తీస్తే? ఈ పాత పేజీ అంత అమాయకురాలు. కొట్టిన అక్షరానికీ, చెయ్యాల్సిన పనికీ తేడా తెలియకుండా రెండింటినీ కలిపి మింగేస్తుంది.

ఆవిడ చేతిలోంచి ఫోను తీసుకుని పెద్దమ్మాయి ఆ వరుస మళ్ళీ చదివింది. కిటికీ సంగతి నాకు తెలియనే తెలియదే అన్న గొంతు చెవిలో మళ్ళీ వినిపించింది. అమ్మ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. తను రాసిన పేజీ చెప్పింది.

"ఈ కొక్కెం ఎవరు నేర్పారు మీకు?"

"సారే. ఆదివారాలు నంబర్లు చెప్పమని ఊరికే ఫోన్లు చేసి చంపుతున్నామని."

"ఏ సారు?"

ప్యాకింగావిడ టేపు పక్కన పెట్టింది. "మీ సారేనమ్మా."

*

మీ సారు అప్పుడే కారు ఆపి లోపలికి వచ్చాడు. చిన్నీ పడుకుందనీ, కింద మాస్టరు ఉన్నాడనీ, భయం లేదనీ చెప్పబోయాడు. భార్య తన కుర్చీలో ముందుకు వంగి ఏదో టైపు చేస్తోంది.

"ఏం చేస్తున్నావు?"

"బండ్లవాళ్ళ పేజీ ఆపేస్తున్నాను."

"ఇప్పుడా? బండ్లన్నీ రోడ్ల మీదున్నాయి. గుండె జబ్బు మందులున్నాయి వాటిల్లో, ఇన్సులిన్ ఉంది. అడ్రసు కనపడకపోతే వాళ్ళు ఏ ఇంటికని వెళ్తారు? సాయంత్రం అందరూ వచ్చాక ఆపుదాం."

"కొక్కెం మీరే నేర్పారట."

మూల ఇంజెక్షన్ల ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఆయన తాళంచెవులు బల్ల మీద పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"రెండు రోజులకని చూపించాను," అన్నాడు చివరికి. "బాగుచేద్దామనే అనుకున్నాను. పని మీద పని పడింది."

"తాళం బిగుసుకుపోతే తలుపు పీకేస్తారా మీరు?"

"బయటివాళ్ళకు తెలిస్తే కదా ప్రమాదం. ఇది మన బండ్లవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు."

"వాడు మన బండివాడు కాదా?"

అప్పుడు ఆయనకు తెలిసింది. మొహంలో రంగు మారింది.

తోడల్లుడికి ఈ దుకాణంలో ఉద్యోగం ఇప్పించింది ఆయనే. బండి దూకించి నడుపుతాడని అందరూ అతణ్ణి పులి అనేవారు. పేజీలోకి వెళ్ళేటప్పుడు కొట్టే పేరు కూడా అతను అదే పెట్టుకున్నాడు. ఒకసారి మందు తీసుకునే మనిషి మీద చెయ్యి చేసుకుంటే దుకాణం వాళ్ళు వెళ్ళగొట్టారు.

"వాణ్ణి తీసేసినప్పుడు వాడి పేరు పేజీలోంచి తీశారా?"

ఆయన మళ్ళీ తాళంచెవులు అందుకున్నాడు.

"తీశారా లేదా?"

"మీ అమ్మ వచ్చి బతిమాలింది, మళ్ళీ పనిలో పెట్టించమని. తోడల్లుడు కదా, పెట్టిద్దామనే ఉంచాను. నేను తీసేస్తే ఇంట్లో మాటొస్తుందని..."

"ఇప్పుడు రాలేదా మాట? దాని చెయ్యి నుజ్జునుజ్జయింది. నేను మా అమ్మను గోడకేసి కొట్టాను."

"ఆ పేజీ రాసింది ఎవరు?" ఆయన గొంతు కూడా పెరిగింది. "ఆ కొక్కెం పట్టే సందు ఎవరు వదిలారు? నేనా? మొదటి నెలలో కూర్చుని రాసింది నువ్వు. నేను దారి చూపించాను, ఒప్పుకుంటాను. ఆ దారి పెట్టింది నువ్వే."

ఆ మాట గుచ్చుకుంది, అందులో అబద్ధం లేదు కాబట్టి. ఆమె మళ్ళీ కీబోర్డు మీదికి వంగింది.

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఆగమన్నానా. ఒక్క గంట ఆగు. ఎవరైనా చస్తే మనం జైలుకు పోతాం."

"ఆ పేజీలో కొత్త అడ్రసు ఉంది. మీకు అర్థమవుతోందా? ఇప్పుడు, ఈ నిమిషంలో ఉంది. చెయ్యి వదలండి."

ఆయన వదల్లేదు. వదలడం మరిచిపోయాడు అనడం న్యాయం. భయపడ్డ మనిషి చేతిలో ఏది ఉంటే దాన్నే గట్టిగా పట్టుకుంటాడు. ఆమె మాత్రం ఆ వేళ్ళ వంక చూసింది. సరిగ్గా అదే చోట చిన్నీకి నల్లగా కమిలిన వేళ్ళ గుర్తులున్నాయి. పొద్దున్న నర్సు వాటికి మందు రాస్తుంటే తనే చెయ్యి పట్టుకుంది.

"వదులు," అంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. "వదలరా."

రెండో చేత్తో ఆయన చెంప ఛెళ్ళుమనిపించింది.

ఆయన విసిరికొట్టాడు. కొట్టాలని కొట్టాడో, విదిలించుకోబోయాడో ఆ భగవంతుడికే తెలియాలి. ఆమె వెళ్ళి ఇనుప బీరువా అంచుకు తగిలింది. పెదవి చిట్లింది. పై అరలోంచి దగ్గు మందు సీసాలు ఒకదాని మీద ఒకటి పడి పగిలాయి. ఎర్రటి సిరప్పు నేల మీద కాలవ కట్టి ఆమె చెప్పుల కిందికి వచ్చింది.

ప్యాకింగావిడ గుమ్మంలోకి వచ్చి, చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆయన తన అరచెయ్యి వంక చూసుకుంటూ నిలబడ్డాడు. "నేను అలాంటివాణ్ణి కాదు," అన్నాడు మెల్లగా.

"వాడూ మొదటిసారి కొట్టినప్పుడు ఇదే అన్నాడట."

గాజు పెంకుల మీద నడుచుకుంటూ ఆమె కుర్చీ దగ్గరికి వచ్చింది. పాత పేజీ ఆపేసింది. పులి అనే పేరు తీసేసింది. బండ్లవాళ్ళకు ఫోనులోనే అడ్రసులు చదివి చెప్పమని ప్యాకింగావిడకు పని పురమాయించింది. ఇకమీద కొట్టిన అక్షరం ఒక చోట, చెయ్యాల్సిన పని ఒక చోట, రెండూ ఎన్నటికీ కలవకుండా ఆ పేజీ తిరగరాయాలి. రాస్తుంది. దానికి ముందు ఇంకొకటి చూడాలి. పెదవి నుంచి రక్తం కారి కీబోర్డు మీద పడుతుంటే పమిటతో తుడుచుకుంది.

ఆ పేజీలోకి ఎవరెవరు ఎప్పుడు వచ్చారో, ఏం కొట్టారో సర్వరులో నమోదై ఉంటుంది. తెరిచింది. కొక్కేలే కొక్కేలు. పొద్దున్న ఒకడు, మధ్యాహ్నం ఒకడు, అందరూ మంచివాళ్ళే, తడిసిన లేబుల్ కోసం తంటాలు పడ్డవాళ్ళే. వాళ్ళ మధ్యలో నిన్న సాయంత్రం, పులి.

ఇవాళ పొద్దున్న చిన్నీ చెయ్యి విరిగిన కాసేపటికి, మళ్ళీ పులి.

ఆ తర్వాత మళ్ళీ. వాళ్ళు ఆసుపత్రిలో ఉన్నంతసేపూ మళ్ళీ మళ్ళీ. పెద్దమ్మాయి పెట్టిన ఆర్డరు చేరాక ఇంకొక్కసారి.

అంతే. అక్కడితో వెతకడం మానేశాడు.

మాత్రలు ఎందుకు తొక్కాడో అప్పుడు తెలిసింది ఆమెకు. అది కోపం కాదు. చిన్నీ ఏ మూలకు పారిపోయినా సాయంత్రానికి ఆ మాత్ర తెప్పించుకోవాలి. తెప్పించుకుంటే ఆ మూల ఎక్కడో ఈ పేజీలోకి వస్తుంది. మందు మింగకుండా ఎన్నాళ్ళుంటావు అని నవ్వాడు కదా. ఆర్డరు పెట్టింది మాత్రం తను, తన చేత్తో.

"కారు తియ్యండి," అంది కుర్చీలోంచి లేస్తూ. "వాడు కొత్త అడ్రసు చూశాడు. కారు తియ్యండి."

ఆయన ఏమీ అడక్కుండా పరుగెత్తాడు.

ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. చిన్నీకి చెయ్యబోయింది. చిన్నీ ఫోను బకెట్లో ఉంది. అమ్మకు చెయ్యబోయింది. అమ్మ ఫోను ముక్కలు ఆ గదిలో గోడ పక్కన ఉన్నాయి. కుట్టు మాస్టరుకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మిషను తొక్కేవాడికి ఫోను ఎక్కడ వినపడుతుంది?

గొడుగాయనకు చేసింది.

"చెప్పండమ్మా." ఆయన వెనక కుట్టుమిషన్ల రొద.

"ఎక్కడున్నారు మీరు?"

"టీచరుగారి కొత్తింటి కిందే ఉన్నాను."

"పైకి వెళ్ళండి. తలుపు తీయవద్దని చెప్పండి. ఎవరొచ్చినా తీయవద్దని చెప్పండి. పార్సిలు మీ దగ్గరే ఉంచండి."

"పార్సిలు నా దగ్గర లేదమ్మా. ఇక్కడ మన పులి కనిపించాడు. నాకోసమే కాసుకుని ఉన్నట్టున్నాడు. మోకాళ్ళ నొప్పులతో ఈ మెట్లెక్కడ ఎక్కుతావు బాబాయ్, నేనిచ్చొస్తానులే అని తీసుకున్నాడు. ఉద్యోగం పోయినా మంచితనం పోలేదు పాపం."

"ఆపండి వాణ్ణి."

"ఏంటమ్మా?"

"వాణ్ణి ఆపండి. గట్టిగా అరవండి. తలుపు తీయవద్దని అరవండి."

"సరిగా వినపడటం లేదమ్మా. ఈ మిషన్ల గోలలో... ఉండండి, అవతలికి వస్తాను."

అప్పుడే మిషన్లు ఆగాయి. మాస్టరు దారం మార్చుకుంటున్నాడో, గుడ్డ తిప్పుకుంటున్నాడో. ఫోనులో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, పైనుంచి, కిటికీ అద్దం మీద ఒకసారి, మళ్ళీ ఒకసారి తట్టిన చప్పుడు.

పొద్దున్న దాకా అమ్మకు ఆ కిటికీ సంగతి తెలియదు. ఇప్పుడు తెలుసు.

"నువ్వు లేవకు చిన్నీ," అంటోంది అమ్మ. "మందులొచ్చాయి. నేను తీస్తాను."